అమెరికాలో పబ్లిక్ రేడియో, టీవీలు పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతోనే నడిచేవా?

కాదు, ప్రభుత్వ సొమ్ము వాటి ఆదాయంలో ఒక భాగం మాత్రమే. మిగతాది శ్రోతల విరాళాలు, ప్రాయోజకులు, విశ్వవిద్యాలయాల నుంచి వచ్చేది.

1967లో చట్టం చేసి కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థను నెలకొల్పారు. పాలకులు వార్తల్లో వేలు పెట్టకూడదనే ప్రభుత్వానికీ స్టేషన్లకూ మధ్య దాన్ని నిలిపారు. నిధులను రెండేళ్లు ముందుగానే మంజూరు చేసే పద్ధతి కూడా అందుకే వచ్చింది. ఇది చాలా మంచి ఏర్పాటు. చివర్లో ప్రభుత్వం ఇచ్చిన మొత్తం ఏడాదికి దాదాపు 53.5 కోట్ల డాలర్లు, అంటే తలకు సుమారు 1.60 డాలర్లు.

ఆ డబ్బంతా ఎన్‌పీఆర్ (నేషనల్ పబ్లిక్ రేడియో) వంటి జాతీయ సంస్థల జేబులోకే వెళ్లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 70 శాతానికి పైగా స్థానిక స్టేషన్లకు చేరేది. ఎన్‌పీఆర్ బడ్జెట్‌లో నేరుగా అందే కేంద్ర నిధులు ఒక శాతం వరకే ఉండేవి. అందుకే 2025 జూలైలో రెండేళ్లకు కలిపి 110 కోట్ల డాలర్లను అమెరికా చట్టసభ కాంగ్రెస్ రద్దు చేసినప్పుడు అసలు దెబ్బ చిన్న ఊళ్లకు తగిలింది.

అలాస్కాలోని బెతెల్ పట్టణాన్నే చూడండి. బయటి ప్రాంతాల నుంచి అక్కడికి రోడ్డు లేదు. విమానంలోనో పడవలోనో చేరుకోవాలి. అక్కడి కేవైయూకే స్టేషన్ ఇంగ్లిష్‌తో పాటు స్థానిక యూపిక్ భాషలోనూ వార్తలు అందిస్తుంది. పెద్ద నగరాల స్టేషన్లకు విరాళాలిచ్చే శ్రోతలు లక్షల్లో ఉంటారు, ఇలాంటి చోట జనాభాయే కొన్ని వేలు. ఈ స్టేషన్ బడ్జెట్‌లో సింహభాగం ఆ ప్రభుత్వ నిధుల నుంచే వచ్చేది.