ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను, అనుభవం లేదంటున్నారు. పని ఎలా దొరుకుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసయ్యావు. వెళ్లిన ప్రతిచోటా "ఇంతకుముందు ఎక్కడైనా చేశావా?" అని అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఎన్నిచోట్ల రెజ్యూమే పెట్టినా ఒక్క ఫోన్ రావడం లేదు.

రాదు. హెల్పర్ కావలసిన ఎలక్ట్రికల్ మేస్త్రీ ఆన్‌లైన్‌లో వెతకడు. పొద్దున్నే ఎలక్ట్రికల్ షాపుకు వచ్చి, పైపులు, బాక్సులు ఆటోలో వేయించుకుంటూ, "ఎవడైనా కుర్రాడుంటే చెప్పు సేటూ" అని కౌంటర్ దగ్గర ఒక మాట వేసి పోతాడు. ఆ మాట వేసేటప్పుడు నువ్వు అక్కడ ఉండాలి. నా జవాబు ఇంతే. మిగతాది చదివితే చదువు, లేకపోతే లేదు.

నేను ఈ పనిలోకి వచ్చింది అలాగే. మాది ఖమ్మం వైపు. ఐటీఐ అయ్యాక హైదరాబాద్ వచ్చి, మియాపూర్‌లో మా బాబాయి వాళ్ల గదిలో ఉంటూ కంపెనీ గేట్ల చుట్టూ తిరిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లే వెనక్కి పంపేవాళ్లు. ఒక కన్సల్టెన్సీ వాడు రిజిస్ట్రేషన్ ఫీజని డబ్బు కట్టించుకుని ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉద్యోగం ఇప్పిస్తానని ముందే డబ్బు అడిగేవాడు ఏసీ గదిలో కూర్చున్నా, టై కట్టుకున్నా, అక్కడి నుంచి లేచి వచ్చెయ్.

చివరికి బాబాయి నన్ను తనకు తెలిసిన ఎలక్ట్రికల్ షాపులో కూర్చోబెట్టాడు. జీతం లేదు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ. వైరు కట్టలు దించడం, పైపులు లెక్కపెట్టి ఇవ్వడం నా పని. అక్కడ ఉన్న కొద్దిరోజుల్లోనే, ఏ పనికి ఏ సరుకు వాడతారో ఐటీఐలో రెండేళ్లు కూర్చుని తెలుసుకున్నదానికంటే ఎక్కువ తెలిసింది. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్గుకు 2.5, ఏసీకి, గీజరుకు 4. ఇది పుస్తకంలోనూ ఉంది. కానీ ఏ మేస్త్రీ ఏసీకి 2.5 లాగి సరిపెడతాడో, ఎవరు ఎర్త్ వైరు అసలే కొనడో మాత్రం షాపు బిల్లులోనే కనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున్నే ఒక మేస్త్రీ టెన్షన్‌గా వచ్చాడు. "సేటూ, ఇయ్యాల స్లాబు. మా పోరడు పెండ్లికని ఊరికి పోయిండు, ఫోన్ ఎత్తుతలేడు. ఎవరన్న ఉన్నరా?"

సేటు నన్ను చూపించాడు. "ఈ పిల్లగాన్ని తీస్కపో. ఐటీఐ చదివిండు."

మేస్త్రీ నా సర్టిఫికెట్ అడగలేదు. నా కాళ్లవైపు చూశాడు. "చెప్పులతోని రాడ్ల మీద నిలవడతవా? బూట్లు లేవా?" సేటు కొడుకు పాత బూట్లు తెచ్చిచ్చారు. ఒక సైజు పెద్దవి. వాటితోనే బండెక్కాను.

స్లాబు రోజు ఎలక్ట్రికల్ వాళ్లకు ఏం పనో బయటివాళ్లకు తెలియదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సెంట్రింగ్ మీద, అంటే స్లాబు పోయడానికి కింద కట్టే పలకల మీద, కింది రాడ్లు కట్టాక మన పైపులు పరుస్తాం. ఫ్యాన్ బాక్సులు, లైట్ల బాక్సులు పెట్టి, వాటిలోకి కాంక్రీటు దూరకుండా కాగితాలు, కవర్లు కుక్కి టేపు వేస్తాం. పైపును ఎక్కడికక్కడ బైండింగ్ వైరుతో రాడ్డుకు కట్టేస్తాం. ఇదంతా ముందురోజే అయిపోతుంది. అసలు పని కాంక్రీటు పడుతున్నప్పుడు ఉంటుంది. పంపు గొట్టం పట్టుకున్నవాళ్లు, పారలతో లాగేవాళ్లు, కాంక్రీటు కుదించే వైబ్రేటర్ తిప్పేవాడు, అందరూ ఆ పైపుల మీదే నడుస్తారు. ఎవరికీ మన పైపు పట్టదు. ఒక్క జాయింటు ఊడి అందులోకి సిమెంటు పాలు దిగాయంటే, గట్టిపడ్డాక ఆ పైపు రాయే. ఆ సంగతి అప్పుడు తెలియదు. గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయ్యి, నెలల తర్వాత వైరు లాగడానికి స్ప్రింగు తోస్తే అప్పుడు తెలుస్తుంది. ఇక స్లాబు కిందంతా చెక్కాలి, లేదా పైన కేసింగ్ వేసి తీసుకెళ్లాలి. ఓనరు తిట్లు మేస్త్రీకి, మేస్త్రీ తిట్లు హెల్పరుకు.

ఆ రోజు నా పని ఆ పైపులకు కాపలా. ఎండ మాడ్చేస్తోంది, రాడ్ల మీద బూట్లు జారుతున్నాయి. మధ్యాహ్నం దాటాక మెట్ల వైపు వైబ్రేటర్ కుర్రాడు తన గొట్టాన్ని గుంజాడు. దాని కింద మన పైపు వంపు (బెండు) దగ్గర జాయింటు సగం బయటికి వచ్చింది. కాంక్రీటు అక్కడికి రెండు అడుగుల దూరంలో ఉంది. "ఆపండి!" అని అరిచాను. పంపు మోతలో ఎవరికీ వినపడలేదు. ఇంకేం చేయను, వెళ్లి ఆ జాయింటుకూ పంపు గొట్టానికీ మధ్య నిలబడ్డాను. కాంక్రీటు మోకాళ్ల దాకా కొట్టింది. తాపీమేస్త్రీ నన్ను, నన్ను కన్నవాళ్లను కలిపి తిట్టాడు. ఒక్క మిక్సర్ ఆగితే ఎంత నష్టమో లెక్క చెప్పాడు. ఈలోగా మా మేస్త్రీ పరుగెత్తుకొచ్చి జాయింటు లాగి చూశాడు. అసలు దానికి సొల్యూషనే, అంటే పైపులు అతికించే జిగురే, పెట్టలేదు. పెళ్లికి పోయిన పిల్లవాడి ఘనకార్యం. తుడిచి, సొల్యూషన్ పెట్టి, తోసి, బైండింగ్ వైరుతో బిగించి, "ఇగ పోయుండ్రి" అన్నాడు.

సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే మేస్త్రీ వచ్చాడు. శభాష్ అనలేదు. "రేపు ఎన్నింటికొస్తవ్?" అన్నాడు. నా ఇంటర్వ్యూ అంతే. ఆయన దగ్గరే కొన్నేళ్లు చేశాను.

ఇప్పుడు నా దగ్గరికే కుర్రాళ్లు వస్తున్నారు కాబట్టి అవతలి పక్క నుంచీ చెబుతాను. "అనుభవం ఉందా?" అని అడిగేవాడికి నిజానికి కావలసింది అనుభవం కాదు. అజాగ్రత్త కుర్రాడు చేసిన పని ఆరు నెలలకు బయటపడుతుంది, అప్పటికి వాడుండడు. అదే వాడి భయం. అయినా ఈ అనుభవం అడగడమంటే పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టే. ఊళ్లో ప్రతి బిల్డరూ "మంచి ఎలక్ట్రీషియన్లు దొరకడం లేదండీ" అంటాడు. కొత్త కుర్రాణ్ని పెట్టుకుని నేర్పమంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాడు.

ఐటీఐల సంగతి ఎత్తితే ఇక ఆగలేను. మేము చదివినచోట ఒకే మోటారును బ్యాచ్ తర్వాత బ్యాచ్ విప్పి బిగించేవాళ్లం. దాని స్క్రూలకు గాళ్లే లేవు. చెక్క బోర్డు మీద గోడౌన్ వైరింగు, టన్నెల్ వైరింగు చేయించి రికార్డు రాయించారు. మియాపూర్‌లో నాకు ఇంతవరకు ఒక్క సొరంగమూ తగల్లేదు. స్లాబు పైపింగ్ చూపించడానికి ఊళ్లో ఏదో ఒక ఇంటికి తీసుకెళ్లినా చాలు, ఖర్చు కూడా లేదు. తీసుకెళ్లరు.

అలాగని చదువు పనికిరాదని నేననను. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లను నేనొక ప్రశ్న అడుగుతాను. ప్లగ్గులో టెస్టర్ పెడితే రెండు కన్నాల్లోనూ వెలుగుతోంది. కానీ ఫ్యాన్ తిరగడం లేదు. ఎందుకు? చాలామంది "రెండు ఫేజులు వచ్చాయి సార్" అంటారు. కాదు. న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఇంట్లో ఏదో లైటో ఫ్యానో స్విచ్ వేసి ఉండటంతో, ఫేజు దాని గుండా వచ్చి న్యూట్రల్ వైరులోనూ కనిపిస్తోంది. అన్ని స్విచ్‌లూ ఆపి చూడు, ఒక కన్నంలో ఆరిపోతుంది. ఇది చెప్పగలిగినవాణ్ని నేను ఆ రోజే పెట్టుకుంటాను. ఇంకొకటి కూడా గమనిస్తాను. పాత ఇంట్లో రిపేరుకు పంపితే, మెయిన్ ఆపాక కిట్‌క్యాట్ ఫ్యూజు క్యారియర్ (ఫ్యూజు తీగ ఉండే పింగాణీ ముక్క) పీకి జేబులో వేసుకుంటాడా, అక్కడే వదిలేస్తాడా? జేబులో వేసుకోవాలి. ఎందుకంటే "కరెంటు పోయింది, మెయిన్ పడిందేమో" అని ఆ ఇంటి పెద్దాయన వచ్చి తప్పకుండా వేసేస్తాడు. మనిషి పోవడానికి అంత చాలు.

ఇక అప్రెంటిస్‌షిప్, అంటే స్టైపెండ్ అనే చిన్న నెలభత్యం మీద కంపెనీలో పని నేర్చుకోవడం. దీని గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. 1961 అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నీ పేరు నమోదు చేసుకో, పైసా ఖర్చు లేదు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం ఇస్తుంది. ఐటీఐ పాసైనవాడికి ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఏడాది. బాగానే ఉంది. కానీ అప్రెంటిస్ అంటే ట్రైనీయే గానీ వర్కర్ కాదని అదే చట్టంలో ఉంది, ఏడాది తర్వాత నిన్ను ఉంచుకోవాలన్న నియమం లేదు. దాన్ని పట్టుకుని కొందరు ఏడాది పొడవునా పానెల్ తుడిపించి, మెటీరియల్ మోయించి, టాటా చెప్పి తర్వాతి బ్యాచ్‌ను దించుకుంటారు. మా చుట్టాలబ్బాయికి ఒక ఫ్యాక్టరీలో ఇదే జరిగింది, ఏడాదంతా స్టోర్ రూములోనే ఉంచారు. కాబట్టి చేరేముందు అక్కడ ఇప్పటికే చేస్తున్న కుర్రాణ్ని గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని అడుగు. మెయింటెనెన్స్‌లో వేస్తారా, స్టోర్‌లో వేస్తారా?

రైల్వేది వేరు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ పడితే వదలకు. రాతపరీక్ష లేదు, పదో తరగతి, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం కేటాయింపు కూడా ఉంది. పరీక్ష మాత్రం రాయాలి. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలలో జూనియర్ లైన్‌మన్ పోస్టులు పడ్డప్పుడు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులకూ ఎక్కించారు. అప్లై చెయ్, కాదనను. కానీ నోటిఫికేషన్ కోసం గదిలో కూర్చుని ఏళ్లు గడిపిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. కోచింగ్ ఫీజు ఇంటి నుంచి, గది అద్దె ఇంటి నుంచి. పగలు పనికి వెళ్లి రాత్రి చదివినవాడు పరీక్ష పోయినా చేతిలో పనితో ఉంటాడు.

సోలార్ గురించి కూడా చెబుతాను. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ వచ్చాక మా వైపు ఇళ్ల మీద ప్యానెళ్లు బాగా పెరిగాయి. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అంటే మామూలు మధ్యతరగతి వాళ్లూ అడుగుతున్నారు. ప్యానెళ్లు పెట్టే చిన్న కంపెనీలన్నింటికీ మేడెక్కే కుర్రాళ్లు కావాలి. అక్కడ అనుభవం ఎవరికీ పెద్దగా లేదు, నీకూ లేదు, సమానం. ఒక్కటి గుర్తుంచుకో: ఇంట్లో మెయిన్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ నుంచి వచ్చే డీసీ వైర్లలో కరెంటు ఉంటుంది.

షాపు దగ్గరికి వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకు. టెస్టర్, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్, టేపు సొంతానివి ఉండాలి. కాళ్లకు బూట్లుండాలి. ఎందుకో పైన చెప్పాను. మొదట్లో గోడ కటింగ్‌కే వాడతారు, ఒళ్లంతా దుమ్ము, ముక్కుకు గుడ్డ కట్టుకో. కళ్లకు పెట్టుకునే గ్లాసులూ అడుగు, ఇవ్వకపోతే కొనుక్కో. కూలి మాత్రం శనివారం శనివారం తీసుకో. "పండక్కి ఒకేసారి ఇస్తా" అనే మేస్త్రీ దగ్గర డబ్బు పేరుకోనివ్వకు. రోజూ ఏ సైటులో ఏం చేశావో చిన్న పుస్తకంలో రాసుకో, లెక్క తేడా వచ్చినప్పుడు నోటిమాటకంటే అది పనికొస్తుంది.

ఏ ఊరో నువ్వు రాయలేదు. హైదరాబాద్ అయితే కోఠి ట్రూప్ బజార్‌కు వెళ్లకు, అక్కడంతా హోల్‌సేల్ రద్దీ, నిన్ను చూసే తీరిక ఎవరికీ ఉండదు. కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న వైపు, వీధి మలుపులో ఉండే చిన్న షాపు చూసుకో. పొద్దున్న షట్టర్ ఎత్తే వేళకు వెళ్లు, పదకొండు దాటితే మేస్త్రీలంతా సైట్లలో ఉంటారు. ఊరి పేరు కామెంట్‌లో పెట్టు, మా వైపే అయితే స్లాబులున్న రోజు చెబుతాను.