రోడ్డు సైకిలుకు ఏ పెడల్?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఆదివారాల్లో రోడ్డు సైకిలుపై పాతపట్నం మీదుగా టెక్కలి వరకు వెళ్లి వస్తుంటాను. క్లిప్‌లెస్ పెడళ్లు వేయించుకోమని మిత్రులు చెబుతున్నారు. క్లిప్ లేదంటూనే బూటును బిగించడమేమిటి? రోడ్డు సైకిలుకు మూడు బోల్టుల రకమే తగినదా? నా ఎడమ మోకాలు అప్పుడప్పుడూ నొప్పి పెడుతుంది. పాదం కదలకుండా ఉంటే అది పెరుగుతుందా?

జవాబు: పేరులోని తికమకకు మూలం పాత పెడల్. పోటీ సైకిళ్లకు ఒకప్పుడు బూటు ముందు భాగాన్ని పట్టి ఉంచే లోహపు పంజరం, తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరాన్నే టో క్లిప్ అనేవారు. దానిని తీసివేసి, బూటు అడుగున బిగించిన క్లీట్ అనే బిళ్లను పెడల్‌లోని స్ప్రింగు పట్టుకునే పద్ధతితో ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ 1984లో పెడళ్లు తెచ్చింది. మరుసటి ఏడు ఫ్రాన్సు సైకిలు వీరుడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీ గెలిచారు.

ఇక ఎంపిక. పోటీలకు వెళ్లేవారికి మూడు బోల్టుల రకం, అంటే క్లీట్‌ను బూటుకు మూడు బోల్టులతో బిగించేది, మంచిదే. దాని వెడల్పాటి క్లీట్ వల్ల అడుగు నిలకడగా ఆనుతుంది. అయితే ఆ ప్లాస్టిక్ క్లీట్ బూటు కిందికి పొడుచుకుని వస్తుంది కనుక నడక బాతు నడకే అవుతుంది, నడిచిన కొద్దీ అది అరిగిపోతుంది కూడా. మీ దారి వెంబడే నౌపడా గుణుపురం రైలు మార్గం ఉంది. గేటు పడినచోటా, టీ బడ్డీ దగ్గరా, వానాకాలంలో రోడ్డంచున బురదలోనూ కాలు దించక తప్పదు. అందువల్ల మీకు నేను చెప్పేది రెండు బోల్టుల ఎస్‌పీడీ రకమే. దీనిని కొండదారి సైకిళ్ల కోసం జపాను సంస్థ షిమానో రూపొందించిన మాట నిజమే గాని, క్లీట్ చిన్నదై బూటు అట్ట లోపలికి ఒదిగి ఉండటం, చాలా నమూనాలలో పెడల్‌ను ఏ వైపు నుంచైనా తొక్కి బిగించుకోగలగటం మీ ప్రయాణానికి బాగా పనికివస్తాయి. బూటు కొనేటప్పుడు అడుగున రెండు రంధ్రాల అమరిక ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. పెడళ్లు మార్చేటప్పుడు ఎడమ పెడల్ మర అపసవ్య దిశలో బిగుస్తుందన్నది ఏ సైకిల్ షాపు మేస్త్రీకైనా తెలిసినదే.

కాలు విడిపించడానికి మడమను బయటికి తిప్పాలి. అలెన్ కీతో (ఆరు పలకల చిన్న పానాతో) స్ప్రింగును పూర్తిగా వదులు చేసి, గోడను పట్టుకుని రెండు కాళ్లతోనూ పాతికసార్లు అభ్యాసం చేయండి. ఆగిన తర్వాత కాదు, ఆగబోయే ముందే విడిపించటం అలవాటు కావాలి. ఇంత చెప్పే నేను కూడా మొదటి వారంలో గేటు దగ్గర పదిమంది చూస్తుండగా నిలబడిన చోటే పక్కకు ఒరిగాను. ఎస్‌పీడీలోనే ఎస్‌హెచ్56 అనే క్లీట్ ఒక్క బయటి వైపుకే కాక ఇతర దిశలలోనూ ఊడి వస్తుంది. కొత్తలో అది కొంత ధైర్యం.

మోకాలి విషయంలో తొందరపడకండి. నొప్పి మోకాలి ముందు భాగంలో అయితే మొదట సీటు ఎత్తు చూడండి, తక్కువగా ఉన్న సీటు తరచుగా దానికి కారణం. క్లీట్‌ను బొటనవేలి మొదట ఉబ్బెత్తు ఎముక కిందికి వచ్చేలా పెట్టి, మీ పాదం నడకలో సహజంగా ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలోనే బిగించాలి. బిగించిన తర్వాత కూడా మడమ కొద్దిగా అటూ ఇటూ ఆడాలి. ఒకవేళ మూడు బోల్టుల రకమే ఇష్టపడితే షిమానోలో 6 డిగ్రీల కదలికనిచ్చే పసుపు క్లీట్ తీసుకోండి. ఏ కదలికా లేని ఎర్రది మీకు వద్దు. ఇవన్నీ సరిచేసినా రెండు మూడు వారాలలో నొప్పి తగ్గకపోతే పెడల్ సంగతి పక్కనపెట్టి ఎముకల వైద్యుణ్ణి కలవండి.