మడ అడవికి వెళ్ళేముందు

అమ్మడూ,

సంక్రాంతికి వస్తున్నావని, ఈసారి కోరింగ మడ అడవిలో పిట్టల్ని చూస్తానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నాకు మోకాళ్ళు సహకరించట్లేదు, నువ్వే వెళ్ళిరా. ముందుగా కొన్ని సంగతులు చెబుతాను.

పొద్దున్నే లేవమని అందరూ చెప్తారు. లేవాలి, నిజమే. కానీ మడల్లో గడియారం కన్నా ముందు చూసుకోవాల్సింది పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయి, ఎప్పుడు తీస్తాయి అన్నది. నేను మొదటిసారి చీకటితోనే లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, కాకినాడ నుంచి స్కూటర్ మీద చొల్లంగి దాటి వెళ్ళాను. తీరా చూస్తే పాయ నిండా నీళ్ళు. రెండు గంటలు నిలబడితే కనబడినవి రెండు తెల్లకొంగలు. వాటికోసం అంతదూరం దేనికి, మన పొలం గట్టునే ఉంటాయి కదా! పక్కన పడవ కడుతున్నాయన నవ్వి, బురద తేలకపోతే పిట్టలకి తిండెక్కడిదండీ అన్నాడు. చదువుకున్నవాణ్ణని ఊరికే అనుకోవడమే అనిపించింది.

పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాకినాడ పోటుపాట్ల పట్టిక ఫోన్‌లోనే దొరుకుతుంది. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య నీళ్ళు బాగా తీసే రోజు చూసుకో. అభయారణ్యం గేటు ఎన్నింటికి తీస్తారో కూడా ముందురోజే కనుక్కో. ఆదివారం మాత్రం వద్దు, జనం సెల్ఫీల గోలలో పిట్ట అన్నది నిలవదు.

చెక్కవంతెన మంచుకి తడిసి జారుతుంది, చెప్పులొద్దు, బూట్లు వేసుకో. బైనాక్యులర్స్ అద్దాలకి ఆవిరి పడుతుంది, తుడవడానికి మెత్తటి గుడ్డ ఉంచుకో. కొమ్మలు విరవకు. అక్కడ తిల్ల చెట్లుంటాయి, వాటి పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

లోపలికెళ్ళాక తిరగకు. పాయ కనబడే మలుపు ఒకటి చూసుకుని, ఎండ వీపుకి తగిలేలా కూర్చో. పావుగంటపాటు ఏమీ జరగదు. తర్వాత బురదలో పీతలు బొరియల్లోంచి తొంగిచూస్తాయి. ఒక చెయ్యి పెద్దగా, రెండోది సన్నగా ఉండే మగపీతలు ఆ పెద్ద చేతిని ఊపుతుంటాయి. అవి బయటికొచ్చాయంటే పిట్టలూ వస్తాయన్నమాట. దూరంనుంచి వలసొచ్చిన ఉల్లంకుల కోసమే చూడు, బురదలో ఏరుకు తినే పిట్టలవి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోతుకి గుచ్చుతాయి. ఒకే బురదలో తింటున్నా తగువు తక్కువ.

లకుముకి పిట్టల విషయంలో తొందరపడకు. గోధుమరంగు తల, తెల్లటి రొమ్ము ఉన్నది ఇక్కడ ప్రతి చెరువు దగ్గరా ఉండేదే. తల నల్లగా ఉండి, మెడచుట్టూ తెల్లటి పట్టీ, ముదురు నీలం వీపు, పగడంలాంటి ముక్కు కనబడితే మాత్రం కదలకు. అది మడల దగ్గర ఎక్కువగా కనబడే నల్లతల లకుముకి. నేను మొదట చూసినప్పుడు ఊపిరి బిగబట్టి, అది ఎగిరిపోయాక దగ్గాను.

పెద్ద గుంపు కనబడితే ఒక్కొక్కటీ లెక్కపెట్టకు. పది లెక్కపెట్టి, అంత జాగా గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడు. నోట్‌బుక్‌లో టైము, నీళ్ళ తీరు కూడా రాసుకో. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్ళు బొమ్మ గీసుకో. ఫోన్‌లో పిట్ట కూతలు పెట్టి వాటిని పిలిచే పని మాత్రం చెయ్యకు, నాకు ఒళ్ళు మండుతుంది. పాపం అవి నిజమనుకుని తిండి మానేసి వస్తాయి. చిప్స్ ప్యాకెట్ల బదులు జంతికలు గుడ్డసంచిలో తీసుకెళ్ళు, చప్పుడుండదు.

నా బైనాక్యులర్స్ బీరువాలో కింది అరలో ఉన్నాయి. పట్టీ తెగితే పంచె అంచు చింపి కట్టాను, బాగాలేదని పారేయకు.

మీ పెదనాన్న