తమ్ముడూ, అది తుమ్మెద కాదు

తమ్ముడూ,

సాలీడును ఈడ్చుకుపోయే పురుగు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేరా దగ్గర కోపం వచ్చి పక్కన పడేశాను. రాత్రి మళ్లీ తీస్తే, చివర్లో నువ్వు చీపురు పుల్లతో సాలీడును జానెడు దూరం జరిపిన సంగతి కనిపించింది. బొరియ చూసుకుని తిరిగొచ్చిన కందిరీగ, తాను వదిలిన చోటే చుట్టూ తిరుగుతూ, మీసాలతో నేల తడుముతూ, రెక్కలు టపటపలాడిస్తూ వెతికిందని రాశావు చూడు, ఆ ఆరు వాక్యాల కోసమే ఈ ఉత్తరం. అవి నువ్వు చూసి రాసినవి. మిగతాదంతా ఎక్కడో చదివి రాసింది.

కోపం దేనికంటే, అల్వాల్‌లో మీ డాబా మీద తిరిగే పురుగును 'పెప్సిస్' అన్నావు. పెప్సిస్ అమెరికా ఖండాల కందిరీగ ప్రజాతి, మన దగ్గర లేదు. అది టరాంటులాలనే పెద్ద సాలీళ్లను వేటాడుతుందని, కుడితే మనిషి కింద పడి అరుస్తాడని బోలెడు వీడియోలు ఉన్నాయి కాబట్టి ఆ పేరే నీ చేతికి దొరికింది. పై పేరాలో అదే పురుగును 'తుమ్మెద' అన్నావు, కింద భ్రమరకీటక న్యాయం తెచ్చావు. తుమ్మెద తన పిల్లలకు పెట్టేది పుప్పొడి. సాలీడును ఈడ్చుకుపోయేది కందిరీగ. తుమ్మెద గూట్లో పెట్టిన పురుగు, దాని రొద విని విని తానే భ్రమరమైపోతుందని పెద్దలు అన్నారు, వేదాంతానికి ఆ పోలిక బాగుంటుంది. గూట్లో జరిగేది వేరు. కందిరీగ సాలీడును కుట్టి కదలకుండా చేస్తుంది, చంపదు. దాని పొట్ట మీద ఒక గుడ్డు పెట్టి బొరియ మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన డింభకం బతికున్న ఆ సాలీడునే తిని పెరుగుతుంది. బయటికి వచ్చేది ఆ గుడ్డులోని పిల్లే, సాలీడు కాదు.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. పురుగు పేరు నీకు ఎంతవరకు తెలుసో అంతవరకే రాయి, చూసింది మాత్రం ఒక్కటీ వదలకుండా రాయి. 'సాలీళ్లను వేటాడే కందిరీగ, పాంపిలిడే కుటుంబం' అని ఆగినా తప్పులేదు. ఆ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 5000 జాతులున్నాయి. ఒక్క ఫోను ఫొటో చూసి జాతి దాకా దూకడం ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. యాప్ చెప్పిందట! యాప్ దాని మీసాలు లెక్కపెట్టిందా? ఆడదానికి మీసంలో 12 ముక్కలు, మగదానికి 13. కుట్టేది ఆడదే, సాలీడును ఈడ్చేదీ ఆడదే.

ఈ విషయంలో నేను దెబ్బ తిన్నవాణ్ని. 1984లో నల్లకుంటలో అద్దె గదిలో ఉండేవాణ్ని. కరెంటు మీటరు వెనక మట్టిగూడు కనిపిస్తే మేకుతో అందులో ఒక అర పగలగొట్టాను. లోపల పదకొండు చిన్న సాలీళ్లు, ముట్టుకుంటే కాళ్లు కొద్దిగా కదులుతున్నాయి, వాటి మధ్య ఒక తెల్లటి డింభకం. ఆ రాత్రే వ్యాసం రాసి, పాంపిలిడే అని కూడా పెట్టి, ఒక వారపత్రికకు పంపాను. అక్కడి ఎడిటర్ కందిరీగ అన్న ప్రతిచోటా తుమ్మెద అని మార్చేశాడు. సొగసుగా ఉంటుందట. చివర తల్లిప్రేమ గురించి రెండు వాక్యాలు తనే కలిపాడు. ఇన్నేళ్లయినా ఆ రెండు వాక్యాలు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. అచ్చయిన పది రోజులకు రిటైరైన జువాలజీ లెక్చరర్ ఒకాయన కార్డు రాశారు: 'ఇది తుమ్మెద కాదు, పాంపిలిడే కూడా కాదు.' మొదటి తప్పు ఎడిటర్‌ది, రెండోది నాది, రెండూ నా పేరు కిందే అచ్చయ్యాయి.

విద్యానగర్‌లో ఆ లెక్చరర్ గారింటికి వెళ్లాను. గుండుసూదులకు గుచ్చిన రెండు కందిరీగలను పక్కపక్కన పెట్టి, భూతద్దం నా చేతికిచ్చి, 'ఏం తేడా ఉందో నువ్వే చెప్పు' అన్నారు. అరగంట చూశాను. ఒకదానికి దారం లాంటి నడుము. అదే నా మీటరు వెనకది, స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానం, 1781లో కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ మద్రాసు పట్నం పేరు మీద పెట్టిన పేరు. అది స్ఫెసిడే కుటుంబం, ఒక్కో అరలో చాలా చిన్న సాలీళ్లను కుక్కుతుంది. రెండోదానికి అలాంటి నడుము లేదు, వెనక కాళ్లు పొడుగ్గా ముళ్లతో ఉన్నాయి, ఛాతీ పక్కన స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలుగా ఒక గాడి. ఆ గాడే పాంపిలిడే గుర్తు. ఇది ఒక పిల్లకు ఒకే సాలీడును పెడుతుంది. అలాగని మట్టిగూడు కనిపిస్తే స్కెలిఫ్రాన్ అనుకోకు, పాంపిలిడేలో ఆప్లోపస్ కూడా మట్టితో అరలు కడుతుంది, సాలీడు కాళ్లు కొరికేసి మరీ మోసుకొస్తుంది. అదే కుటుంబంలోని సెరోపాలిస్ అయితే వేటే ఆడదు, ఇంకో కందిరీగ పట్టిన సాలీడు మీద దొంగచాటుగా గుడ్డు పెట్టిపోతుంది. అందుకే నీ కందిరీగ ఏం చేసిందో నువ్వు రాసినదానికి అంత విలువ.

బింగ్‌హామ్ 1897లో బ్రిటిష్ ఇండియా కందిరీగలు, తేనెటీగల మీద రాసిన సంపుటం సంపాదించి చదువు. పేర్లు తర్వాత చాలా మారాయి. కానీ ఇది ఉందా లేదా అని ఒక్కో మెట్టూ దిగుతూ పురుగు దగ్గరికి చేరే పద్ధతి వంటబడుతుంది, వాక్యం రాయడానికీ అది పనికొస్తుంది.

నీది నల్ల ఒళ్లు, పొట్ట చివర ఎరుపు, పట్టింది గోడల మీద తిరిగే పెద్ద చప్పిడి సాలీడు. పాంపిలిడేలో టాకిపాంపిలస్ అనాలిస్ అనే జాతి కావచ్చు. 'కావచ్చు' అనే నేను రాస్తాను, నువ్వూ అలాగే రాయి. రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు, రెక్కల ఈనెలు, ఛాతీ పక్కభాగం కనిపించేలా ఫొటో కావాలి. పైనుంచి తీసిన మూడు ఫొటోలూ నాకు పనికిరాలేదు.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ఆ పిట్టగోడ పక్కన బొరియకు పెట్టిన మట్టి మూత ఇంకా ఉందా? ఉంటే తవ్వకు. మీ అమ్మగారిని అక్కడ నీళ్లు పోయొద్దని చెప్పు. దాని మీద సన్నటి జాలీ బోర్లించి, మూసిన తేదీ రాసిపెట్టుకుని రోజూ పొద్దున్నే చూడు. పిల్ల బయటికి వచ్చిన రోజు పక్కనుంచి ఫొటో తీసి వదిలెయ్, ఆ ఫొటో నాకు పంపు.