మడత చాకు చట్టం మారుస్తామంటే మనం రాసి లాభముందా?
ఇంగ్లండ్‌లో జేబులో మడత చాకు పెట్టుకోవచ్చా, చట్టం మార్చే ముందు ప్రభుత్వం జనం అభిప్రాయం అడిగితే రాయడం దండగా అనే కదా ప్రశ్న.

అంచు 3 అంగుళాలు మించని మామూలు మడత చాకుకి కారణం చెప్పక్కర్లేదు. తెరిచాక లాక్ పడేదైతే మాత్రం, ఎంత బుల్లిదైనా సరే, సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరిగితే నేరమే, 4 ఏళ్ల దాకా జైలు.

ఇక రాయడం సంగతి. 2017లో హోమ్ ఆఫీస్ (అక్కడి హోం శాఖ) అభిప్రాయాలు అడిగింది, 2019 చట్టంలో ఫ్లిక్ నైఫ్ (నొక్కితే దానంతటదే తెరుచుకునే చాకు) నిర్వచనమే మారిపోయింది: ఇదివరకు బటనో స్ప్రింగో పిడికి ఉంటేనే లెక్క, ఇప్పుడు చాకులో ఎక్కడున్నా, సగం తెరిచాక మిగతాది దానంతటదే తెరుచుకునే రకమైనా నిషేధమే. అంటే చట్టంలో ఒక్క మాట తేడాతో ఏ చాకు నిషేధంలో పడుతుందో మారిపోతుంది. కాబట్టి ఊరికే తిట్టిపోయకుండా, మీరు ఏ పనికి వాడతారో, ముసాయిదాలో ఏ వాక్యం మీ చాకుని అనవసరంగా ఇరికిస్తోందో రాయండి.