ఐదో నెల స్కాన్‌లో కార్పస్ కలోసం లేదన్నారు, బిడ్డ మామూలుగా ఎదుగుతుందా?

గుంతకల్లు నుంచి అడిగిన చెల్లికి. టిఫా స్కాన్‌లో కార్పస్ కలోసం, అంటే మెదడు కుడి ఎడమ భాగాలను కలిపే నరాల కట్ట, కనబడలేదని రాశారని, పెద్దయ్యాక బిడ్డ ఎలా ఉంటుందోనని అడిగారు. మా వాడికీ అది పూర్తిగా లేదు. ఇప్పుడు పదేళ్లు, అనంతపురంలోనే మామూలు బడికి పోతున్నాడు. నేను డాక్టర్‌ను కాదు, తల్లిగా తెలిసింది చెప్తాను.

ముందు డాక్టర్‌ను అడగాల్సింది ఒక్కటే: ఈ లోపం ఒక్కటే ఉందా, దీనితో పాటు ఇంకేమైనా ఉన్నాయా? ఆ కట్ట ఒక్కటే లేక, మిగతా మెదడు, గుండె, జన్యువులు బాగుంటే నూటికి 70, 75 మంది పిల్లలు మామూలుగానో దాదాపు మామూలుగానో ఎదుగుతారని అధ్యయనాలు చెప్తున్నాయి. మిగిలినవాళ్లలో ఫిట్స్, మాటలు ఆలస్యం, తెలివిలో వెనకబాటు ఉండొచ్చు. వేరే లోపాలు తోడైతే మాత్రం ఈ లెక్క మర్చిపోవాలి. అందుకే ఉమ్మనీటితో జన్యువులను చూసే మైక్రోఅరే పరీక్ష, కడుపులో ఉండగానే బిడ్డకు తీసే ఎమ్మారై అడుగుతారు. మేం వాటికి బెంగళూరు పోయాం.

ఆ లెక్కల్లో చాలావరకు చిన్న వయసులో చూసినవే. కొన్ని ఇబ్బందులు బడికి పోయాకే బయటపడతాయి. మా వాడు ఆలస్యంగా కూర్చున్నాడు, ఆలస్యంగా నడిచాడు, ఆ తర్వాత అంతా సర్దుకుందనుకున్నాం. కానీ రెండు చేతులూ కలిపి చేసే పనంటే ఇప్పటికీ కష్టమే. చెనక్కాయ వలవమంటే ఒక చేత్తో పట్టుకుని పళ్లతో కొరికి పగలగొడతాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చానా టైం పడుతుంది. వాళ్ల తాత ఎగతాళికి 'చెవులు కోస్తా' అంటే నిజమేననుకుని రెండు చెవులూ మూసుకుని పరిగెత్తేవాడు. ఎక్కాలు గడగడా చెప్తాడు, అదే లెక్క కథలాగా ఇస్తే ఆగిపోతాడు. మోకాలు చీరుకుపోయినా ఏడవడు, కాబట్టి సాయంత్రం కాళ్లూ చేతులూ నేనే చూసుకుంటాను.

థెరపీకి ప్రైవేటుకే పోవాలని లేదు. జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే సర్కారు కేంద్రం ఉంటుంది, పిల్లల ఎదుగుదల లోపాలకు చిన్నప్పుడే థెరపీ ఇస్తారు. బడి వయసొచ్చాక మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రం ఉంటుంది. రెండూ ఉచితం. ఆరు నెలలు ఆగి చూద్దాం అని ఎవరైనా అంటే వినకండి, పుట్టిన దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

ఉంచుకోవాలా వద్దా అన్నది మీ భార్యాభర్తల నిర్ణయం, అందులో నేను మాట్లాడను. టైం విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టంలో ఉన్న గడువు 24 వారాలు, అదీ కొన్ని వర్గాల వారికే. అది దాటితే, బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అందుకే పరీక్షలు ఈ వారమే మొదలుపెట్టండి. గ్రహణం నాడు బయట తిరిగావా అని ఆరా తీసేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు దండగ. మా వీధిలో ఒకామె నేను కత్తిపీట ముట్టానేమోనని కాన్పు దాకా అడుగుతూనే ఉంది.

పుట్టాక తలకు ఎమ్మారై మళ్లీ తీయించండి, కడుపులో కనబడనివి అప్పుడు కనబడొచ్చు. చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. బిడ్డ ఉన్నట్టుండి వరసగా ఉలిక్కిపడుతూ ముందుకు వంగిపోతుంటే అవి ఫిట్స్ కావచ్చు, ఫోన్‌లో వీడియో తీసి, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.