బోర్డు ఆర్డర్ పెట్టే ముందు

చి. బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సర్క్యూట్ చూశాను. ట్యాంకు నిండితే మోటారు ఆగాలి, నీళ్లు తగ్గితే తిరగాలి, ఆ సంగతి ఫోన్‌లో కనపడాలి. సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద పని చేస్తోంది కాబట్టి పీసీబీ (సామాను సోల్డర్ చేసే అచ్చు బోర్డు) చేయించేద్దామని నీ తొందర. చేయించు. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ ఉచితమే, నీ పనికి అది చాలు. కానీ ఆర్డర్ మాత్రం రేపే పెట్టకు.

ముందు మోటారు సంగతి. చిన్న నీలం రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది నమ్మి ఒక హార్స్‌పవర్ మోటారును నేరుగా దానికి తగిలించకు. తిరిగేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఇక ఆపమన్నా ఆగదు. ఆ రిలేతో కాంటాక్టర్ (మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే లాంటిది) కాయిల్‌ను నడిపించు, మోటారు భారం కాంటాక్టర్ చూసుకుంటుంది. బోర్డు మీద లావు ట్రాకుల (రాగి గీతల) గొడవా తప్పుతుంది. అయినా 230 వోల్టులు బోర్డు మీదకు వస్తున్నాయి కనుక, ఆ ట్రాకులకూ 5 వోల్టుల వైపుకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ వదులు. ఖాళీ చోట్ల గ్రౌండ్ కాపర్ (రాగి పొర) నింపేటప్పుడు అది అటు పాకకుండా హద్దు గియ్యి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇక సామాను ముందు కొను, బోర్డు తర్వాత గియ్యి. చాలామంది తలకిందులుగా చేస్తారు. కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నవన్నీ టేబుల్ మీద పోసుకుని కొలువు. ఫోన్‌కు వైఫైలో కబురు పంపే ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డుల్లో 30 పిన్నులవీ 38 పిన్నులవీ ఉన్నాయి. పిన్నుల లెక్క కలిసినా రెండు వరసల మధ్య దూరం అన్నిటికీ ఒకటి కాదు. స్క్రూ టెర్మినళ్లలో పిన్నుకూ పిన్నుకూ మధ్య 5 మిల్లీమీటర్లవీ, 5.08వీ దొరుకుతాయి. రెండు పిన్నులదైతే ఎలాగో దూరుతుంది, ఎనిమిది పిన్నులదైతే చివరికి అర మిల్లీమీటరు పైనే తేడా వచ్చి మొరాయిస్తుంది. ట్రాన్సిస్టర్ అడిగితే బీసీ547 ఇచ్చినా 2ఎన్3904 ఇచ్చినా ‘రెండూ ఒకటేనమ్మా’ అంటారు షాపుల్లో. చదును వైపు నుంచి చూస్తే బీసీ547 కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904వి సరిగ్గా దానికి తిరగేసి ఉంటాయి.

లేఅవుట్ అయ్యాక అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తియ్యి. ప్రింటర్ పేజీకి సరిపెట్టాలని కాస్త కుదించేస్తుంది, 100 శాతం పెట్టావో లేదో స్కేలుతో చూసుకో. దాన్ని థర్మాకోల్ ముక్క మీద అంటించి సామాను కాళ్లు గుచ్చి చూడు. సాఫ్ట్‌వేర్ చేసే డీఆర్‌సీ అనే తనిఖీ ట్రాకులు తగులుకుంటున్నాయేమో చెబుతుంది కానీ, నీ చేతిలోని టెర్మినల్ పడుతుందో లేదో దానికేం తెలుసు?

ఈఎస్‌పీ32 యాంటెన్నా బోర్డు అంచున ఉండాలి, దాని కింద కాపర్ ఉండకూడదు. లేకపోతే వైఫై సిగ్నల్ బలహీనపడుతుంది. రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ మరవకు. స్క్రూలకు 3.2 మిల్లీమీటర్ల రంధ్రాలు ఇవ్వు.

ఆర్డర్‌లో ఆలోచించాల్సింది తక్కువే. రెండు లేయర్లు, 1.6 మిల్లీమీటర్ల మందం, ఒక ఔన్స్ మందపు కాపర్ పొర, ఆకుపచ్చ రంగు. బంగారు పూత మనకెందుకు? బోర్డు బొమ్మలుండే గర్బర్ ఫైళ్లతో పాటు రంధ్రాల సంగతి చెప్పే డ్రిల్ ఫైలు కూడా జిప్‌లో ఉందో లేదో వ్యూయర్‌లో తెరిచి చూడు. చైనాలో 10 సెంటీమీటర్ల చదరం లోపు బోర్డులు అయిదు చాలా చవకగా వస్తాయి, కానీ కొరియర్, కస్టమ్స్ కలిపితే బోర్డుల ధరను మించిపోవచ్చు. బెంగళూరు, గుజరాత్‌లలోనూ చేసేవాళ్లున్నారు. అక్కడా ఇక్కడా మొత్తం ఖర్చు లెక్క కట్టి చూడు. నేనైతే మొదటిసారి ఇక్కడే చేయిస్తాను, కస్టమ్స్ టెన్షన్ ఉండదు.

బోర్డులు వచ్చాక అన్నీ ఒకేసారి సోల్డర్ చెయ్యకు. ముందు 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసి, పవర్ భాగం ఒక్కటే వేసి, వోల్టేజ్ సరిగ్గా వస్తేనే మిగతావి పెట్టు. మెయిన్స్ లైను కలపడం ఎలక్ట్రీషియన్‌కు వదిలెయ్యి. కాంటాక్టర్ కొనేటప్పుడు కాయిల్ 230 వోల్టులదేనా అని చూడు, 415 వోల్టులదీ అచ్చం అలాగే ఉంటుంది.

మీ మామయ్య